ఓడిన కమాండర్ మీద ఏ నింద మోపాలి?

ప్రశ్న: నేను అంతరిక్ష నౌకాదళం నేపథ్యంగా ఒక నవల రాస్తున్నాను. గురుగ్రహపు ఉపగ్రహమైన కాలిస్టో మీద ఉన్న స్థావరాన్ని శత్రువు ముట్టడిస్తాడు. దాన్ని విడిపించడానికి నా కథానాయిక పదకొండు నౌకలతో వెళుతుంది. గురుగ్రహం చాటు నుంచి శత్రుదళం హఠాత్తుగా వచ్చి పడడంతో ఏడు నౌకలు నాశనమవుతాయి. మిగిలిన నాలుగింటితో ఆమె వెనక్కి మళ్లుతుంది, స్థావరం శత్రువు వశమవుతుంది. భూమి మీద జరిగిన విచారణలో ఓటమికి పూర్తి బాధ్యత ఆమెదేనని తేల్చి కొలువు నుంచి తొలగిస్తారు. నిజానికి శత్రుదళం గురించిన నిఘా సమాచారాన్ని రక్షణ మంత్రి తొక్కిపెట్టాడని చివరి అధ్యాయంలో బయటపడుతుంది. చదివిన మిత్రుల్లో ఒకరు "ఏ తప్పూ చేయని మనిషి మీద మూడొందల పేజీల పాటు జాలిపడడం నావల్ల కాదు" అన్నారు. మరొకరు "ఆమెకు తెలివి లేదు, శిక్ష సరైనదే" అన్నారు. ఆమెను నిర్దోషిగా ఉంచాలా, దోషిగా మార్చాలా?

సమాధానం: నమస్కారం. మీ మిత్రులిద్దరూ ఒకదానికొకటి పొసగని మాటలు చెప్పినట్లు కనిపిస్తున్నా, ఇద్దరూ ఎత్తిచూపిన లోటు ఒక్కటే. మీరు పంపిన కథాసంగ్రహంలో కథానాయిక బయలుదేరింది, దెబ్బతిన్నది, వెనుదిరిగింది, పదవి పోగొట్టుకున్నది. వీటిలో ఏ ఒక్కటీ రెండు దారుల మధ్య నిలబడి ఆమె తనంతట తాను తేల్చుకున్న విషయంగా కనిపించదు. ఆమె నిర్ణయమంటూ ఏదీ లేకపోవడం వల్ల మొదటివారికి తప్పు కనిపించలేదు. అంత పెద్ద ఓటమికి ఏదో ఒక కారణం ఉండి తీరాలి కాబట్టి, రెండవవారు ఆ కారణాన్ని ఆమె తెలివితక్కువతనంలో వెతుక్కున్నారు. నా సలహా ఏమిటంటే, ఆమె చేత ఒక నిజమైన తప్పు చేయించండి, కానీ విచారణలో ఆమెను వేరొకదానికి శిక్షించండి. అభియోగం ఒకటి, అసలు తప్పు మరొకటి అయినప్పుడు పాఠకుడికి జాలిపడడానికీ, కోపగించుకోవడానికీ కూడా చోటు దొరుకుతుంది.

ఇది కథ కోసం కల్పించుకున్న చమత్కారమని అనుకోకండి. ఓడిపోయిన నౌకాధిపతుల మీద జరిగిన విచారణల్లో ఇది పదే పదే కనిపించే సంగతే. 1756 మే 20న మధ్యధరా సముద్రంలోని మినోర్కా దీవి దగ్గర ఫ్రెంచి దళంతో తలపడిన బ్రిటిష్ అడ్మిరల్ జాన్ బింగ్ ఉదంతాన్ని చూడండి. ముట్టడిలో ఉన్న కోటను ఆదుకోవడానికే ఆయనను పంపారు కాబట్టి ఆయన పనీ మీ కథానాయిక పనీ ఒకే రకమైనవి. ఆయనకు ఇచ్చిన ఓడల్లో చాలినంత సిబ్బంది లేరు. యుద్ధం మధ్యలో ముందున్న ఓడలు దెబ్బతిని వరుస చెదిరినప్పుడు, వరుసను వదిలి నేరుగా శత్రువు మీదికి వెళదామని ఆయన ఓడ కెప్టెన్ సూచించాడు. బింగ్ ఒప్పుకోలేదు. 1744లో టూలాన్ దగ్గర వరుస తప్పి దాడి చేసినందుకు మాథ్యూస్ అనే అడ్మిరల్‌ను కోర్టు మార్షల్ చేసి నౌకాదళం నుంచి వెళ్లగొట్టారు. ఆ సంగతిని బింగ్ ఆ క్షణంలోనే గుర్తుచేశాడు. నాలుగు రోజుల తర్వాత అధికారులతో సమాలోచన జరిపి, కోటను దాని మానాన వదిలి జిబ్రాల్టర్‌కు తిరిగివెళ్లాడు. కోట లొంగిపోయింది. స్వదేశంలో జనాగ్రహం పెల్లుబికి ఆయన దిష్టిబొమ్మలను తగలబెట్టారు. న్యాయస్థానం ఆయనలో పిరికితనం లేదని స్పష్టంగా తేల్చింది. అయినా శక్తివంచన లేకుండా పోరాడలేదన్న నేరం కింద, ఆ నేరానికి అప్పటి నిబంధనల్లో మరణం తప్ప వేరే శిక్ష లేనందున, మరణశిక్ష విధించి, క్షమించమని తానే సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఫలించలేదు. 1757 మార్చి 14న మోనార్క్ అనే యుద్ధనౌక మీద ఆయనను కాల్చి చంపారు.

ఈ ఉదంతంలో మీకు ఎక్కువగా పనికివచ్చేది ఆ మరణశిక్షకన్నా మాథ్యూస్ ప్రస్తావన అని నా అభిప్రాయం. వరుస తప్పినందుకు ఒకరిని శిక్షించారు కాబట్టి తర్వాతివాడు వరుసను పట్టుకుని వేలాడాడు. ఏ సైన్యమైనా ఒక కమాండర్‌ను శిక్షించిన మరుక్షణం మిగతా కమాండర్లందరికీ ఒక పాఠం చెప్పినట్లే అవుతుంది, ఆ పాఠం తర్వాతి యుద్ధానికి సరిపోయేదే కావాలన్న నియమమేమీ లేదు. మీ నవలలోనూ, కథ మొదలవడానికి కొన్నేళ్ల ముందు, ఇంధనం పొదుపు చేస్తూ నెమ్మదిగా వెళ్లి ఆలస్యంగా చేరుకున్నందుకు పదవి పోగొట్టుకున్న ఒక అధికారి ఉండనివ్వండి. అతని గురించి రెండు పేరాలు చాలు. మీ కథానాయిక చేయబోయే తప్పు అక్కడ పుడుతుంది.

ఇక ఆ తప్పు ఏమిటో చూద్దాం. అంతరిక్షంలో నడిచే కథకు సముద్ర యుద్ధాల్లో దొరకని ఒక సౌకర్యం ఉంది, మీరు దాన్ని ఇప్పటిదాకా వాడుకోలేదు. సముద్రం మీద చుక్కాని తిప్పితే ఓడ తిరుగుతుంది, యంత్రాలు ఆపితే నీరే దాన్ని నిలిపివేస్తుంది. శూన్యంలో ఆ వీలు లేదు. కాలిస్టోతో పోల్చితే సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న నౌక, భూమి ఆకర్షణకు సమానమైన త్వరణంతో ఇంజన్లను ఎదురు దిశలో మండించినా, పూర్తిగా నిలవడానికి దాదాపు 51 నిమిషాలు పడుతుంది, ఈలోగా అది 46 వేల కిలోమీటర్లు ముందుకే జారిపోతుంది. వెనక్కి అదే వేగంతో వెళ్లాలంటే మళ్లీ అంత సమయం, మరింత ఇంధనం కావాలి. ఇంధనమైనా సులభంగా దొరికే సరుకు కాదు. 1903లో త్సియోల్కోవ్‌స్కీ ప్రచురించిన రాకెట్ సమీకరణం ప్రకారం, ఇంజన్ నుంచి వెలువడే వాయువుల వేగానికి సమానమైన వేగాన్ని నౌక పుంజుకోవాలంటే, ఇంధనంతో నిండినప్పటి దాని బరువు ఖాళీ బరువుకు 2.7 రెట్లు ఉండాలి. దానికి రెట్టింపు వేగం కావాలంటే 7.4 రెట్లు ఉండాలి. కొంచెం తొందరగా చేరాలన్న కోరికకు చెల్లించే ధర ఇంత వేగంగా పెరుగుతుంది.

దీన్ని బట్టి "వెనక్కి మళ్లండి" అన్న ఆజ్ఞకు యుద్ధం నడిమధ్యలో విలువ ఉండదు. వెనక్కి మళ్లే అవకాశాన్ని దాచుకోవాలా, ఖర్చు పెట్టేయాలా అన్నది శత్రువు కంటికి కనిపించడానికి ఎంతో ముందు, ఎవరూ కాల్పులు జరపని ఒక నిశ్శబ్దమైన పూట తేల్చుకోవలసిన విషయం. మీ కథానాయికకు ఆ పూటను ఇవ్వండి. స్థావరంలో ప్రాణవాయువు అడుగంటుతోందని సందేశం వస్తుంది. నిదానంగా వెళితే నౌకల్లో తప్పుకోవడానికి సరిపడే ఇంధనం మిగులుతుంది కానీ అక్కడ కొందరు ఊపిరాడక చనిపోతారు. తొందరగా వెళితే వారు బతుకుతారు కానీ దారిలో ఏదైనా ఎదురైతే పక్కకు తప్పుకోలేరు. ఇంధనం లెక్కలు చూసే అధికారి అభ్యంతరం చెబుతాడు. ఆలస్యం చేసినందుకు శిక్ష పడిన ఆ పాత అధికారి ఆమెకు గుర్తుకువస్తాడు. ఆమె తొందరగా వెళ్లడానికే నిర్ణయిస్తుంది. ఆ సమయానికి ఆ నిర్ణయాన్ని సమర్థించవచ్చు, మీ పాఠకుల్లో సగం మంది కూడా అదే చేసి ఉండేవారు. ఏడు నౌకలు పోవడానికి మూలం మాత్రం అదే.

విచారణలో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తలేరు కూడా, ఎందుకంటే త్వరగా చేరుకోమని రోజూ సందేశాలు పంపినది ఆ ప్రధాన కార్యాలయమే, ఆమె వేగాన్ని బహిరంగంగా మెచ్చుకున్నదీ ఆ మంత్రిత్వ శాఖే. కాబట్టి ఆమె మీద మోపే అభియోగం, నాలుగు నౌకలతో యుద్ధం నుంచి తప్పుకుని స్థావరాన్ని విడిచిపెట్టడం. నా దృష్టిలో ఆ రోజంతటిలో ఆమె తీసుకున్న మేలైన నిర్ణయం అదే అయ్యుండాలి. మీ మొదటి మిత్రుడు అడిగిన బరువు ఇక్కడ వస్తుంది: చేసిన మంచి పనికి శిక్ష అనుభవిస్తూ, చేసిన తప్పు గురించి ఒక్క ప్రశ్న కూడా ఎదురుకాని మనిషి లోపల ఏమి జరుగుతుందో రాయడానికి మూడొందల పేజీలు ఎక్కువేమీ కావు.

ఇది అతిశయోక్తిగా తోస్తే, 1945 జూలై 30న ఇండియానాపోలిస్ అనే అమెరికన్ క్రూయిజర్‌ను పోగొట్టుకున్న కెప్టెన్ చార్లెస్ మెక్‌వేను తలచుకోండి. జపాన్ జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడోలకు ఆ నౌక 12 నిమిషాల్లో మునిగిపోయింది. దాదాపు 1,200 మందిలో 316 మంది మాత్రమే బతికారు. చాలామంది సముద్రంలో తేలుతూ రోజుల తరబడి ఎదురుచూస్తూ చనిపోయారు, ఎందుకంటే రావలసిన నౌక రాలేదన్న సంగతిని ఒడ్డున ఉన్నవారెవరూ పట్టించుకోలేదు. ఆగస్టు 2న అటుగా ఎగిరిన ఒక గస్తీ విమానం యాదృచ్ఛికంగా వారిని చూసింది. ఇంత జరిగిన తర్వాత కోర్టు మార్షల్‌లో మెక్‌వే దోషిగా తేలింది దేనికంటే, జలాంతర్గాముల గురి తప్పేలా నౌకను వంకరటింకరగా నడపకుండా తిన్నగా నడిపినందుకు. వంకరగా నడపాలా వద్దా అన్నది ఆయన విచక్షణకే వదిలిన విషయం. పైగా ఆ నౌకను ముంచిన జలాంతర్గామి కమాండర్ హషిమోటోనే సాక్షిగా పిలిపిస్తే, ఎలా నడిపినా తాను ముంచగలిగి ఉండేవాడినని అతను చెప్పాడు. శిక్ష విధించే సంస్థ తన వైపు చూపే ప్రశ్నలను పక్కకు పెట్టి, ఎదుటివాడి వైపు చూపే ప్రశ్నను ఏరుకోవడం ఇందులో ఎంత స్పష్టంగా ఉందో గమనించండి. దీనికోసం పనిగట్టుకుని కుట్ర పన్నిన దుర్మార్గుడు ఒక్కడూ అక్కరలేదు.

మీ రక్షణ మంత్రి విషయంలో నాకున్న అభ్యంతరం కూడా ఇదే. అతను సమాచారాన్ని ఎందుకు తొక్కిపెట్టాడో మీరు చెప్పలేదు. కారణం లేకపోతే అతను చివరి అధ్యాయంలో తెర తీయడానికి మాత్రమే పుట్టిన పాత్రగా మిగిలిపోతాడు. అతనికి నిజమైన ఇరకాటం ఒకటి కల్పించండి. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ దాడి జరిగే నాటికి జపాన్ దౌత్య సంకేతాలను అమెరికా రహస్యంగా ఛేదించి చదువుతోంది. ఆ రహస్యం బయటపడకూడదన్న జాగ్రత్తతో చదివినవాటిని అతి కొద్దిమందికే చూపేవారు, పసిఫిక్ నౌకాదళాధిపతి హజ్బండ్ కిమ్మెల్‌కు అవి అందేవి కావు. దాడి జరిగిన పది రోజులకు ఆయనను పదవి నుంచి తప్పించారు. 1942 జనవరిలో విచారణ సంఘం విధి నిర్వహణలో విఫలమయ్యాడని తేల్చింది. అలాగని ఆయన ఏమీ తెలియని అమాయకుడని చెప్పడానికీ వీలు లేదు, ఎందుకంటే యుద్ధం రావచ్చన్న హెచ్చరిక నవంబర్ 27నే ఆయనకు అందింది. కిమ్మెల్ దోషమెంత, వాషింగ్టన్ దోషమెంత అన్న వాదన నేటికీ తెగలేదు. మీ మంత్రి కూడా శత్రు సంకేతాలను చదవగలుగుతున్నామన్న రహస్యాన్ని కాపాడడానికే ఆ సమాచారాన్ని ఆపి ఉంటే, ఆ రహస్యం వల్ల తర్వాత మరో స్థావరం బతికి ఉంటే, పాఠకుడు అతనిని అంత సులభంగా అసహ్యించుకోలేడు. కర్ణుడి చావుకు కారణాలు అనేకమన్న సామెత ఓడిన యుద్ధాలన్నిటికీ వర్తిస్తుంది, కానీ విచారణ నివేదికలో రాయడానికి ఒక్క పేరు ఉంటేనే అందరికీ సుఖంగా ఉంటుంది.

శత్రుదళం గురుగ్రహం చాటు నుంచి హఠాత్తుగా రావడం గురించి ఒక మాట. శూన్యపు చలిలో మండుతున్న ఇంజన్ చాలా దూరం నుంచి కనిపిస్తుంది, వేడిని దాచిపెట్టడానికి అక్కడ గాలీ నీరూ లేవు. గురుగ్రహం వెనక నక్కడానికి చోటు ఉన్న మాట నిజమే, కానీ అక్కడికి చేరడానికి ఆ దళం ఎప్పుడో ఒకప్పుడు ఇంజన్లు మండించి ఉండాలి, ఆ మంటను ఎవరో ఒకరు చూసి ఉండాలి. అందుకని వారు కనిపించలేదని రాయవద్దు. కనిపించారు గానీ మరొకటిగా అర్థమయ్యారని రాయండి. పెర్ల్ హార్బర్ రోజు ఉదయం 7 గంటల 2 నిమిషాలకే ఒపానా దగ్గరి రాడార్ మీద విమానాల గుంపు కనిపించింది. సమాచార కేంద్రంలో ఉన్న యువ అధికారి, ఆ ఉదయం రావలసిన సొంత బాంబర్లే అవి అయ్యుంటాయని భావించి పట్టించుకోవద్దన్నాడు. మీ శత్రుదళాన్ని కూడా నెలల ముందే ఒక గస్తీ కేంద్రం చూసి, ఖనిజం మోసే సరుకు నౌకలని నమోదు చేసి ఉండవచ్చు. అలా చేస్తే నింద మోయవలసినవారి జాబితాలో మరొక చిన్న ఉద్యోగి చేరతాడు, అతనికి నవల పొడవునా నిద్ర పట్టకపోవచ్చు.

విచారణ సన్నివేశాలకు వద్దాం. కోర్టు గదిలో జరిగే వాదనలు నీరసంగా ఉన్నాయని మీ మిత్రులెవరూ అనలేదు కానీ, మీరు పంపిన రెండు అధ్యాయాలు చదివాక ఆ మాట నేను అనవలసి వస్తోంది. అభియోక్త అరుస్తాడు, ఆమె మౌనంగా ఉంటుంది, పేజీలు గడుస్తాయి. దానికి బదులు విచారణ అంతటినీ ఒక్క కాగితం చుట్టూ తిప్పండి. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. భూమికీ గురుగ్రహానికీ మధ్య దూరాన్ని బట్టి సందేశం చేరడానికి 33 నుంచి 54 నిమిషాలు పడుతుంది. కాలిస్టో, గానిమీడ్ వంటి ఉపగ్రహాల మధ్య అయితే పది సెకన్లకు మించదు. అంటే ఆమె తన ముందున్న యుద్ధాన్ని దాదాపు జరుగుతున్నప్పుడే చూస్తుంది, భూమి నుంచి వచ్చే ప్రతి మాటా మాత్రం ముప్పావు గంట కిందటిది. ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానం వచ్చేసరికి గంటకు పైగా గడుస్తుంది. గస్తీ కేంద్రం పంపిన పరిశీలనల పట్టికలో రెండు నిలువు వరుసలుంటాయి: సంఘటన జరిగిన సమయం, ఆ సమాచారం ఆమె నౌకకు అందిన సమయం. అభియోక్త మొదటి వరుసను చదువుతాడు, ఆమె బతికినది రెండవ వరుసలో. అతను అబద్ధమాడడు, ఒక్క అంకె మార్చడు. అయినా ఆ రెండు వరుసల మధ్య ఉన్న ఖాళీలో ఆమె జీవితం కొట్టుకుపోతుంది.

ఫలితం తెలిసిన తర్వాత అది ముందే తెలిసి ఉండవలసిందని అనిపించడం మనుషులందరికీ ఉన్న బలహీనతే. బారూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో దీన్ని ప్రయోగాల ద్వారా చూపించాడు. న్యాయమూర్తులను మూర్ఖులుగా చిత్రించవలసిన అవసరం మీకు లేదని చెప్పడానికే దీన్ని ప్రస్తావిస్తున్నాను. వారిలో కనీసం ఒకరు తెలివైనవారుగా, ఆమె మీద సానుభూతి ఉన్నవారుగా ఉండాలి. ఆ ఒక్కరు కూడా చివరికి ఆమెకు వ్యతిరేకంగానే ఓటు వేయాలి.

దూరం నుంచి ఆజ్ఞలిచ్చే ప్రధాన కార్యాలయాన్ని కూడా కొంచెం వాడుకోండి. 1942 జూలై 4న ఆర్కిటిక్ సముద్రంలో వెళుతున్న పీక్యూ 17 అనే నౌకల బిడారును చెల్లాచెదురైపొమ్మని లండన్‌లోని నౌకాదళ కార్యాలయం ఆజ్ఞాపించింది. జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ వచ్చి పడుతుందని వారి భయం, కానీ అది ఆ సమయానికి నార్వే తీరంలోనే ఉంది. రక్షణ వదులుకుని విడిపోయిన ఆ వాణిజ్య నౌకలు విమానాలకూ జలాంతర్గాములకూ దొరికిపోయి 24 మునిగిపోయాయి. మీ నవలలో ఆమె వెనుదిరిగిన అరగంటకు "నిలబడి పోరాడండి" అన్న ఆజ్ఞ చేరితే, అది పంపినప్పుడు సరైనదే, అందేసరికి అర్థం లేనిది. దాన్ని ఆజ్ఞాధిక్కారంగా చూపడానికి అభియోక్తకు ఎంత వీలుంటుందో ఆలోచించండి.

ఆమె విచారణలో ఎలా మాట్లాడాలని కూడా మీరు సందేహపడినట్లున్నారు. తలవంచుకుని భరించే పాత్ర మీకు గొప్పగా తోస్తోంది. నాకు అంత గొప్పగా తోచలేదు. 1905 మే నెలలో త్సుషిమా దగ్గర జపాన్ చేతిలో నాశనమైన రష్యన్ దళానికి అధిపతి అయిన రొజెస్త్‌వెన్‌స్కీ యుద్ధంలో తీవ్రంగా గాయపడి శత్రువుకు బందీగా చిక్కాడు. మరుసటి ఏడు జరిగిన విచారణలో బాధ్యత తనదేనని చెప్పుకున్నాడు. న్యాయస్థానం ఆయన గాయాలను కారణంగా చూపి విడిచిపెట్టింది. మిగిలిన నౌకలను లొంగదీసి వేలాది నావికుల ప్రాణాలు కాపాడిన నెబొగతోవ్‌కు మాత్రం మరణశిక్ష విధించారు, తర్వాత దాన్ని పదేళ్ల ఖైదుగా తగ్గించారు. నిందను నెత్తిన వేసుకోవడం కూడా ఒక్కోసారి పక్కవాడిని మునగకుండా ఆపలేదన్నమాట. మీ కథానాయిక మౌనం వల్ల ఎవరికి నష్టం జరుగుతోందో చూపితే తప్ప ఆ మౌనానికి విలువ రాదు. బహుశా ఇంధనం లెక్కలు చూసిన ఆ అధికారికే జరుగుతుందేమో.

చివరి అధ్యాయంలో బయటపడే రహస్యాన్ని నవల మధ్యకు తీసుకురండి. మంత్రి సమాచారం దాచాడని తేలిన వెంటనే ఆమె గౌరవం తిరిగి రావలసిన అవసరం లేదు. మెక్‌వే నిర్దోషి అని అమెరికన్ కాంగ్రెస్ తీర్మానించడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది, అప్పటికి ఆయన చనిపోయి మూడు దశాబ్దాలు దాటింది. మీరు ఆమెను బతికుండగానే నిర్దోషిగా ప్రకటింపజేయండి. అప్పుడు ఇంధనం గురించి తెలిసినవారు ఆమె, ఆ లెక్కల అధికారి తప్ప వేరెవరూ ఉండరు, అడిగేవారూ ఉండరు. అందరూ ఆమె తప్పేమీ లేదని ఒప్పుకున్న తర్వాత ఆమె నోరు విప్పుతుందా అన్నది మీ నవలకు అసలైన ముగింపు. విప్పేటట్లయితే ఎవరి ముందు విప్పుతుందో ముందుగా తేల్చుకోండి: విచారణ సంఘం ముందా, ఏడు నౌకల్లో పోయినవారి బంధువుల ముందా, లేక స్థావరాన్ని తిరిగి గెలుచుకోవడానికి బయలుదేరుతున్న కొత్త కమాండర్ ముందా. నేనైతే మూడవదాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే ఆ లెక్క పనికివచ్చేది ఆ ఒక్క మనిషికే.